ఒళ్లు పట్టించుకుంటున్నారా? ముందు నొప్పి సంగతి చూడండి

ఖమ్మం వైపు మిరప కోతలొచ్చాయంటే పొద్దస్తమానం వంగే ఉండాలి. ఎండాకాలంలో భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం అడవి అంచు పల్లెల్లో తునికాకు పనీ అంతే. వంగి ఆకు కోయాలి, ఇంటికొచ్చి 50 ఆకులకో కట్ట కట్టాలి. రాత్రికి ఒళ్లు పులిసిపోతుంది. ఎవరో ఒకరు నూనె రాసి పిసికితేగాని నిద్ర పట్టదు. మంచిదే. కానీ రైతు సోదరులు, కూలికెళ్లే అక్కచెల్లెళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అలసట తీర్చే మర్దన వేరు, చికిత్సగా చేసే మర్దన వేరు.

అలసటకైతే...

నడుం, భుజాలు, రెండు కాళ్లూ ఒకేలా లాగుతూ, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంటే అది పని నొప్పే. కోయ గూడేల్లో ఇప్పనూనెతో మర్దించుకోవడం పాత అలవాటు. ఆముదమైనా, నువ్వులనూనైనా సరే. గోరువెచ్చగా చేసి, అరచేత్తో మెల్లగా, పాదాల నుంచి పైకి రుద్దండి. 15 నిమిషాలు చాలు. హాయినిచ్చేది ముఖ్యంగా చేతి ఒత్తిడే, నూనె చెయ్యి జారడానికి. ఖరీదైన తైలాలకు డబ్బు పోయక్కర్లేదు.

చికిత్సకైతే...

నడుం నొప్పి వారాలు గడిచినా తగ్గకపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా ఇంటి మాలిష్ చాలదు. డాక్టరుకు చూపించండి. అవసరమైతే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపుతారు. ఆయన ఎక్కడ పట్టిందో చూసి అక్కడే మర్దన చేస్తారు, వ్యాయామం నేర్పుతారు. ఆ వ్యాయామం ఇంటి దగ్గర మానేస్తే మర్దన ఫలితం నాలుగు రోజులే. గట్టిగా నొక్కితేనే గుణమనుకోవద్దు.

చెయ్యి వేయకూడనివి

ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉండి నొప్పెడుతుంటే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు, ప్రాణం మీదికొస్తుంది. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం బిగిసినా, నడుం నొప్పితో జ్వరమున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఎముక విరిగిందనిపిస్తే లాగించొద్దు. బిగుతు కట్టు కింద వేళ్లు చల్లబడి నీలంగా మారితే ప్రమాదం. బెణికితే మొదటి 2 రోజులు మాలిష్ వద్దు, చన్నీళ్ల గుడ్డ వేసి కాలు ఎత్తు మీద పెట్టుకోండి. షుగరున్నవారి పాదాలకు స్పర్శ తగ్గి ఉండొచ్చు, వేడి కాపడం పెట్టొద్దు.

ఆస్పత్రికి పోతే ఆ రోజు కూలి పోతుందన్నది నిజమే. అయినా వెనకాడకండి. రేపు మళ్లీ చేలోకి నడవాల్సింది ఆ కాళ్లే.