తక్‌పట్టీ వెనక రాసిన నంబర్లు

ఉడకబెట్టిన పసుపు కళ్లంలో ఆరుతున్న రోజుల్లో ఆర్మూర్ నుంచి బాపు ఫోన్ చేశాడు. "రాత్రి మూడు గంటలకు మన ఇంట్ల ఇంటర్నెట్‌ల ఎవలో తిరుగుతున్నరు బిడ్డా!" ఇంటి వెనక కళ్లానికి కాపలాగా దుబాయ్ నుంచి నేను పెట్టించిన కెమెరా ఉంది. పక్కింటి పిల్లగాడు రౌటర్ లాగ్ తెరిచి చూపిస్తే, తెలియని నంబర్లన్నీ (ఐపీ అడ్రస్‌లు) బాపు నిజామాబాద్ మార్కెట్ యార్డులో సరుకు అమ్మినప్పుడు వాళ్లిచ్చిన తక్‌పట్టీ వెనక రాసుకున్నాడు. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. నాలా ఊరు విడిచి వచ్చిన మన సంఘం వాళ్లలో చాలామందికి ఊళ్లో ఇలాంటి కెమెరాలే ఉన్నాయి కనుక ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

పసుపులో కొమ్ము, గోళ వేరు చేసినట్టే ముందు ఇంటి నంబర్లను బయటి నంబర్ల నుంచి వేరు చేయాలి. 192.168తో, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి ఇంటి లోపలివి. 1996లో వచ్చిన ప్రమాణం ప్రకారం ఇవి ఎవరి సొంతమూ కావు. బాపు ఇంట్లో ఉన్న 192.168.1.7 దుబాయ్‌లో నా గదిలోనూ ఉండొచ్చు. 224.0.0.251, 239.255.255.250 అన్నవి టీవీలు, ఫోన్లు ఇంట్లో ఒకదాన్నొకటి వెతుక్కునే పిలుపులు. 8.8.8.8 గూగుల్‌ది, 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్‌ది. సైట్ పేరు చెబితే దాని నంబర్ చెప్పే సర్వర్లవి. దీంతో బాపు జాబితాలో సగం కొట్టేశాం.

మిగిలినవాటికి అడగాల్సింది, ముందు పిలిచింది ఎవరని. లాగ్‌లో సోర్స్ దగ్గర ఇంటి నంబర్ ఉంటే మన వస్తువే బయటికి వెళ్లిందన్నమాట. ఏ వస్తువో తేల్చడానికి రౌటర్‌లోని పరికరాల జాబితా చూడాలి. అక్కడ కొత్త ఫోన్లు వస్తువు గుర్తు అయిన అసలు మ్యాక్ అడ్రస్ దాచి మారుపేరుతో కనిపిస్తాయి, వాటిని చూసి కంగారు పడొద్దు. ఒక్కో వస్తువూ ఆపుతూ ఏ వరుస మాయమవుతుందో చూడటమే తేలిక దారి. బాపు కెమెరా ప్లగ్ పీకగానే మూడు నంబర్లు ఆగిపోయాయి.

బయటి నంబర్ ఎవరిదో హూయిజ్‌లో వెతకొచ్చు. మన దేశం నంబర్ల పద్దు బ్రిస్బేన్‌లోని ఏపీనిక్ దగ్గర, గల్ఫ్‌వి ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైప్ దగ్గర ఉంటాయి. అక్కడ తెలిసేది కంపెనీ పేరే, మనిషి పేరు కాదు. మూడింటిలో రెండు క్లౌడ్ కంపెనీవి. కెమెరా తన సర్వర్‌తో మాట్లాడుతోంది.

బయటి నుంచి లోపలికి వచ్చినవాటి సంగతి వేరు. 23వ పోర్టు అనే తలుపు తట్టి, రౌటర్ అడ్డుకున్న వరుసలు కొన్ని కనిపించాయి. ఇంటర్నెట్‌లో ప్రతి తలుపునూ తట్టుకుంటూ పోయే ప్రోగ్రాములవి, మన ఇంటి మీద పగతో వచ్చినవి కావు. తలుపు తీసి ఉంటేనే ప్రమాదం. 2016లో మిరాయి అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లో, రౌటర్లలో చొరబడి, వాటితోనే అమెరికాలో పెద్ద పెద్ద సైట్లను ఆపేసింది. బాపు రౌటర్ పాస్‌వర్డ్ కూడా బిగించిన రోజుదే! ఆ పూటే మార్పించాను. కెమెరా సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించి, లోపలి వస్తువు అడిగితే రౌటర్ తనంతట తానే తలుపు తెరిచే యూపీఎన్‌పీ ఆపించాను. ఇలాంటి మోసంలో డబ్బే పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక మూడో నంబర్. రోజూ సరిగ్గా మూడింటికి కెమెరా దానికి బొమ్మలు పంపుతోంది. హూయిజ్ అడిగితే ఎమిరేట్స్ టెలికాం కంపెనీ పేరొచ్చింది. అప్పుడు రౌటర్ గడియారం చూశాను. అది భారత సమయం కాదు, యూటీసీ. ఐదున్నర గంటలు కలిపితే ఆర్మూర్‌లో ఉదయం ఎనిమిదిన్నర. దుబాయ్‌లో ఏడు. డ్యూటీ బస్సు కోసం నిలబడి నేను ఫోన్‌లో కళ్లం చూసే వేళ.

"బాపూ, ఆ దొంగను నేనే" అన్నాను. కాసేపు మాట లేదు. "రోజూ చూస్తున్నవా?" అని అడిగాడు. తరువాత వచ్చిన ఫొటోలో అన్ని నంబర్లూ కొట్టేసి ఉన్నాయి. ఆ ఒక్కదాని పక్కన నా పేరు రాసి ఉంది.