వలయం తెంపే బ్రోమిన్

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో ఉప్పు గట్టిపడ్డాక మిగిలే చేదు నీళ్లలో బ్రోమైడ్ ఉంటుంది. సముద్రపు నీటిలో టన్నుకు సుమారు 65 గ్రాములే ఉన్నది ఎండకు చిక్కబడి అక్కడ చేరుతుంది. అలాంటి నీళ్లలోకి క్లోరిన్ పంపితే ముదురెరుపు బ్రోమిన్ బయటపడుతుంది. మన దేశంలో ఈ పని ఎక్కువగా జరిగేది గుజరాత్‌లోని కచ్‌లో.

ఒంటి బంధాలే ఉన్న కార్బన్ వలయాల (సంతృప్త వలయాల) దగ్గర ఈ బ్రోమిన్ తీరు ఒక్కలా ఉండదు. మూడు కార్బన్ల సైక్లోప్రొపేన్‌నే చూడండి. కార్బన్‌కు నచ్చే కోణం 109.5 డిగ్రీలైతే ఇక్కడ దక్కేది 60. బలవంతాన వంచి కట్టిన వెదురు బద్దలా బిగుసుకుని ఉంటుంది. అందుకే బ్రోమిన్ హైడ్రోజన్‌ను వదిలేసి వలయాన్నే తెంపి రెండు కొసలకూ అతుక్కుంటుంది. వచ్చేది 1,3-డైబ్రోమోప్రొపేన్. తమాషా ఏమిటంటే, 1881లో రసాయనవేత్త ఆగస్ట్ ఫ్రాయిండ్ మొదటిసారి సైక్లోప్రొపేన్ చేసింది సరిగ్గా ఈ పదార్థం నుంచే, సోడియంతో బ్రోమిన్లను లాగేసి.

ఆరు కార్బన్ల సైక్లోహెక్సేన్‌కు ఆ బిగువు లేదు. వలయాలన్నీ చదునుగా ఉంటాయనుకున్న రసాయనవేత్త బేయర్ 1885లో దీనికీ బిగువు అంటగట్టాడు గానీ, ఇది కుర్చీ ఆకారంలోకి ఒదిగిపోతుంది. చీకట్లో బ్రోమిన్ కలిపితే రంగు అలాగే ఉంటుంది. ఎండలో పెడితే మెల్లగా వెలిసిపోతుంది. వెలుతురు బ్రోమిన్ అణువును రెండు పరమాణువులుగా చీలుస్తుంది. వాటిలో ఒకటి వలయం నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ఖాళీ పడ్డ కార్బన్ మరో బ్రోమిన్ అణువులో సగం తీసుకుంటుంది, మిగిలిన సగం మళ్లీ వేటకు వెళ్తుంది.

ఫ్లోరిన్‌తో అయితే పేలుడే. అయోడిన్ కదలదు. క్లోరిన్ది దుడుకు స్వభావం, అందిన హైడ్రోజన్‌నల్లా లాగుతుంది. బ్రోమిన్ మాత్రం ఏరుకుంటుంది: మిథైల్‌సైక్లోహెక్సేన్‌లో మిథైల్ అతికిన కార్బన్ మీది హైడ్రోజనే దానికి ఇష్టం. పైడిభీమవరం లాంటి చోట మందుల ముడిసరుకు చేసేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. కలగాపులగంగా వస్తే వేరుచేయడానికే డబ్బు పోతుంది.

ఒకప్పుడు వరి చేలల్లో చల్లిన గమాక్సిన్ పొడి కూడా ఆరు క్లోరిన్లు తగిలిన సైక్లోహెక్సేనే. దాన్ని సైక్లోహెక్సేన్ నుంచి చేయలేదు. దుడుకు క్లోరిన్‌తో ఒక్కో కార్బన్ మీద ఒక్కో క్లోరిన్ నిలవడం కష్టం. బెంజీన్‌లోకి వెలుతురులో క్లోరిన్ పంపితే మూడు క్లోరిన్ జంటలూ వలయానికి కలిసిపోతాయి. 1825లో ఫారడే చేసింది అదే. అయితే ఇలా వచ్చే పలు రూపాల మిశ్రమంలో పురుగును చంపే గామా రూపం పదో వంతు పైచిలుకే, మిగతాది ఊరికే మట్టిలో చేరింది. 1997లో ఆ పొడిని మన దేశం నిషేధించింది.