మీకు తెలుసా? దేశంలో దేశం, అందులో మళ్లీ దేశం!

జేబులో పది రూపాయల నోటైనా ఉందా? తీసి వెనక్కి తిప్పండి. ఎడమ పక్కన చిన్న అక్షరాలతో నిలువు పట్టీ ఒకటి కనిపిస్తుంది. అందులో 15 భాషలు! మన తెలుగు ఎక్కడుందో వెతకండి చూద్దాం... పైనుంచి 14వది, తమిళానికి కింద, ఉర్దూకి పైన. భాషల పేర్లను ఇంగ్లిషు అక్షరక్రమంలో పేర్చారు కాబట్టి అస్సామీకి మొదటి చోటు దక్కింది. నోటు మీద విడిగా ఉన్న హిందీ, ఇంగ్లిషు కూడా కలిపితే అరచేతిలో పట్టే కాగితం మీద 17 భాషలన్నమాట!

పదిహేడుకే ఆశ్చర్యపోతే ఎలా? పపువా న్యూగినీ అనే ఒక్క దేశంలో దాదాపు 840 భాషలున్నాయి! అక్కడి జనాభా అటూఇటుగా కోటి. సగటు తీస్తే భాషకు 12 వేల మంది. మన 2011 జనాభా లెక్కల్లో తెలుగే మాతృభాష అన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు, ఎక్కడి లెక్క ఎక్కడ! దట్టమైన అడవులు, నిట్టనిలువు కొండలు ఒక లోయవాళ్లను పక్క లోయవాళ్లతో కలవనివ్వకపోవడంతో వేల ఏళ్లపాటు ఎవరి మాట వాళ్లదిగానే పెరిగింది.

మన భాషకు పాకిస్తాన్‌లో ఒక చుట్టం ఉంది! బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీ భాష తెలుగు, తమిళం, గోండి భాషలున్న ద్రావిడ కుటుంబానిదే. దగ్గరి బంధువుకైనా అది వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఒకటి, రెండు, మూడు అనడానికి వాళ్లు అసిట్, ఇరట్, ముసిట్ అంటారు. నాలుగు నుంచి మాత్రం ఇరుగుపొరుగు భాషల అంకెలే. వీళ్లు అక్కడికి ఎప్పుడు చేరారో, లేక మొదటినుంచీ అక్కడే ఉన్నారో పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు.

స్పెయిన్‌కు చెందిన లా గొమేరా దీవిలో ఈలతో ముచ్చట్లు చెప్పుకుంటారు! లోయకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచి వెళ్లాలంటే గంటలు పడుతుంది. ఈల మాత్రం రెండు మూడు కిలోమీటర్లు ఇట్టే దాటేస్తుంది. అక్కడి బడిపిల్లలకు 1999 నుంచి ఇది పాఠ్యాంశం కూడా. క్లాసులో ఈల వేస్తే మెచ్చుకునే పంతులుగారు మీకెప్పుడైనా దొరికారా?

ఆస్ట్రేలియాలోని గూగు యిమిదిర్ భాష మాట్లాడేవాళ్లు దారి చెప్పేటప్పుడు కుడి, ఎడమ అనరు! "నీ ఉత్తరపు కాలి దగ్గర చీమ ఉంది" అంటారు. మీరు వెనక్కి తిరిగితే ఆ కాలే దక్షిణపు కాలైపోతుంది! కాబట్టి ఏ క్షణంలో అడిగినా దిక్కులు గుర్తుండాల్సిందే. మన పల్లెల్లో పెద్దవాళ్లు మంచాన్ని "కాస్త తూర్పుకి జరపరా" అంటారే, ఆ అలవాటును వీళ్లు ఒంటి దాకా తెచ్చారు. ఇంకో విశేషం: కంగారూ అనే పేరు ప్రపంచానికి 1770లో అందింది ఈ భాష నుంచే.

ఇక సరిహద్దుల సంగతి. దీన్ని నెమ్మదిగా చదవండి, తల తిరుగుతుంది! బంగ్లాదేశ్‌లో ఒక భారత భూభాగం. అందులో ఒక బంగ్లాదేశ్ ముక్క. ఆ ముక్క నడిమధ్యన మళ్లీ భారతదేశం! పేరు దహలా ఖగ్రాబారీ. ఎంత పెద్దదనుకున్నారు? ఎకరమున్నర దాటిన ఒక జనపనార పొలం, అంతే! చుట్టూ ఎటు అడుగేసినా విదేశమే. ఒకప్పుడు కూచ్ బిహార్ రాజులకూ, మొఘలుల కింది ప్రాంతానికీ మధ్య చిందరవందరగా పంచుకున్న భూములు దేశ విభజన తర్వాత అలాగే సరిహద్దులైపోయాయి. ఇలాంటి ముక్కలు రెండు దేశాలకూ కలిపి 162 ఉండేవి. అక్కడ కాపురముంటున్న వేలమందికి సొంత దేశంలోని బడికో ఆసుపత్రికో వెళ్లాలన్నా పరాయి నేల దాటాల్సి వచ్చేది. 2015 జూలై 31 అర్ధరాత్రి రెండు దేశాలూ వీటిని ఇచ్చిపుచ్చుకున్నాయి. దాంతో ప్రపంచంలో ఇలాంటి మూడు పొరల ముక్క అన్నదే లేకుండా పోయింది.

బార్లె అనే ఊళ్లో ఇళ్ల మధ్యనుంచీ, హోటళ్ల మధ్యనుంచీ బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దు పోతుంది! అక్కడి పాత ఆనవాయితీ ప్రకారం వీధి గుమ్మం ఏ దేశంలో ఉంటే ఇల్లు ఆ దేశానిది. మరి గీత సరిగ్గా గుమ్మం మధ్యనుంచే పోతే? అలాంటి ఇల్లూ ఉంది, దానికి రెండు దేశాల డోర్ నంబర్లూ ఉన్నాయి!

అంత దూరం ఎందుకు, నాగాలాండ్‌లోని లోంగ్వా గ్రామపెద్ద ఇల్లు సగం భారత్‌లో, సగం మయన్మార్‌లో ఉంది! ఊరు వెలిశాక వచ్చింది సరిహద్దు గీత.

ఫెజెంట్ దీవి ఏడాదిలో ఆరు నెలలు స్పెయిన్‌ది, ఆరు నెలలు ఫ్రాన్స్‌ది! 1659లో ఆ రెండు దేశాలూ సంధి చేసుకున్నది ఇక్కడే. నది మధ్యలో ఉన్న ఈ లంక మీద ఒక్కరూ కాపురం ఉండరు.

ఈజిప్టు, సూడాన్‌ల మధ్య బీర్ తవీల్ అనే 2,060 చదరపు కిలోమీటర్ల నేలను "మాది" అనే దేశమే లేదు! 1899లో గీసిన గీత ఒకటి, 1902లో గీసిన గీత ఇంకొకటి. దీన్ని తీసుకుంటే, దీనికన్నా విలువైన ఎర్రసముద్ర తీరపు హలాయిబ్‌ను వదులుకున్నట్టవుతుందని రెండు దేశాలూ చేతులు వెనక్కి తీసుకున్నాయి. అంగుళం గట్టు కోసం కోర్టుకెక్కే లోకంలో ఇదెంత విడ్డూరం!

యానాం సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు. కానీ పటం మీద స్కేలు పెట్టి కొలిచారా? చుట్టూ ఆంధ్ర, మాట తెలుగు. రాజధాని పుదుచ్చేరికి తిన్నగా గీత గీసినా దాదాపు 600 కిలోమీటర్లు! ఫ్రెంచివాళ్ల కింద ఉన్న నాలుగు ఊళ్లను కలిపి ఒకే కేంద్రపాలిత ప్రాంతం చేయడంతో, బంగాళాఖాతం వైపు మూడు, అరేబియా సముద్రం మీద మాహే ఒకటి ఇలా విడివిడిగా మిగిలిపోయాయి.

అఫ్గానిస్తాన్ నుంచి చైనాలోకి ఒక్క అడుగు వేస్తే గడియారం మూడున్నర గంటలు ముందుకు దూకుతుంది! అంత వెడల్పు దేశానికీ చైనా బీజింగ్ టైమునే పెట్టుకుంది మరి.

ఆసియా పటం మీద 4,000 కిలోమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీస్తే, ప్రపంచ జనాభాలో సగానికి పైగా ఆ గుండ్రంలోనే ఉంటారు! భారత్, చైనా, ఇండోనేషియా, బంగ్లాదేశ్, జపాన్ అన్నీ ఇందులోనే. సముద్రం కూడా బోలెడంత ఉంది, ఎవరెస్టు ఉంది, గోబీ ఎడారి కూడా ఉంది. అయినా సగం మంది ఇక్కడే! మరోవైపు మన దేశంలో మూడింట రెండు వంతుల వైశాల్యమున్న గ్రీన్‌లాండ్‌లో ఉన్నది 57 వేల మందే.

మన దేశంలో పుట్టిన ఊరో, ఉన్న ఊరో వదిలి మరో ఊరు చేరినవాళ్లలో ఎక్కువమంది ఎవరు? కూలీలా? ఐటీ కుర్రాళ్లా? కాదు, పెళ్లికూతుళ్లు! 2011 లెక్కల ప్రకారం వలస వచ్చినవాళ్లు 45 కోట్లు. వారిలో మూడింట రెండు వంతులు స్త్రీలే, అందులో ఎక్కువమందికి కారణం పెళ్లి. వలస అనగానే మనం బస్సెక్కే మగవాళ్లనే తలుచుకుంటాం గానీ, ఇంత పెద్ద ప్రయాణం ప్రతి ఇంట్లోనూ జరిగింది. మీ అమ్మమ్మను, నాయనమ్మను అడిగి చూడండి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం దిగేది ఒకప్పటి చెరువు అడుగున! స్కిపోల్ విమానాశ్రయం సముద్రమట్టానికి 3 మీటర్లకు పైగా కింద ఉంది. ఆవిరి యంత్రాలతో నీళ్లు తోడేసి 1852 నాటికి ఆ సరస్సును ఎండగట్టి పొలాలు చేశారు, తర్వాత విమానాలు వచ్చాయి.

1826లో వాన్ థ్యూనెన్ అనే జర్మన్ భూస్వామి, పట్నం చుట్టూ ఏ పంట ఎక్కడ పండుతుందో వలయాలు గీసి చూపించాడు! పట్నాన్ని ఆనుకుని పాలు, కూరగాయలు. త్వరగా పాడవుతాయి కదా. రెండో వలయంలో ఏముండాలో చెప్పుకోండి... అడవి! ఆ రోజుల్లో పొయ్యికి కట్టెలే దిక్కు, బండి మీద దూరం మోయాలంటే ఖర్చు తడిసి మోపెడు. ఆ తర్వాత ధాన్యం. అన్నిటికన్నా దూరంగా పశువులు, ఎందుకంటే అవి సంతకు తమ కాళ్ల మీద తామే నడిచి వస్తాయి!

హరిహర బుక్కరాయలు మిరపకాయ రుచి చూడలేదు! విజయనగరం మొదలైన 1336 నాటికి మిరప అమెరికా ఖండాలు దాటి రాలేదు. 1498 తర్వాత పోర్చుగీసు ఓడలు దాన్ని మన తీరానికి చేర్చాయి. ఈ పూట మీ కంచంలోకి తొంగిచూడండి. పప్పులో టమాటా, వేపుడులో బంగాళాదుంప, చట్నీలో వేరుశనగ... అన్నీ అటునుంచి వచ్చినవే. జామ, బొప్పాయి, జీడిమామిడి, మొక్కజొన్న కూడా! అంతకుముందు మన కూరలకు ఘాటునిచ్చింది మిరియం. ఇప్పుడో, ఎండుమిర్చి పంటలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. గుంటూరు యార్డులో సీజనులో తుమ్మకుండా నడవడమే గొప్ప!

ఆంధ్రప్రదేశ్‌లో తమిళనాడు సరిహద్దు దగ్గర వెంకటనరసింహరాజువారిపేట అనే రైల్వేస్టేషన్ ఉంది. ఇంగ్లిషులో దాని పేరుకు 28 అక్షరాలు! 2019లో చెన్నై సెంట్రల్ పేరు మార్చేదాకా దేశంలో అతి పొడుగు పేరున్న స్టేషన్ ఇదే. అతి పొట్టి పేర్లలో ఒకటి ఒడిశాలోని ఇబ్. మరి అదే పేటను తెలుగులో రాస్తే ఎన్ని అక్షరాలో చెప్పగలరా? పదమూడే! నమ్మకపోతే వేళ్లు మడిచి లెక్కపెట్టుకోండి.