పాత జీపుకు అల్యూమినియం రేడియేటర్ బిగించే ముందు

అరకు దారిలో బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతం వైపు పాత జీపులు జనాన్ని చేరవేస్తుంటాయి. దారంతా రాళ్లూ గుంతలూ, పైగా ఎక్కుడు, లోపల కిక్కిరిసిన మనుషులు. బండి మనిషి నడిచినంత వేగంతో పాకుతుంటే ఇంజను మాత్రం లో గేరులో హోరెత్తిపోతుంది. హైవే మీద గంటకు 80 కిలోమీటర్లతో పోయే బండికి ఎదురుగాలి ఊరికే దొరుకుతుంది. ఇలాంటి చోట ఫ్యాన్ లాగినంతే గాలి. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి రేడియేటర్ ఎంచుకునేవాళ్లు ముందుగా తలచుకోవలసింది ఈ ఎక్కుడునే. అమ్మేవాళ్ల కబుర్లు మాత్రం తళతళలాడే లోహం, గొట్టాల వరసల సంఖ్య, ఆ గొట్టాలూ రేకులూ కలిసిన కోర్ మందం చుట్టూ తిరుగుతాయి. ఎంఎం 540, మేజర్, జిప్సీ వంటి బళ్లను ఇంకా ప్రాణంగా చూసుకునేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. రాగి ఇత్తడి కలిపి చేసిన పాత రేడియేటర్ చిల్లులు పడగానే, దాని బదులు బయటి తయారీ అల్యూమినియంది బిగించేయమని వాళ్లకు సలహా దొరుకుతుంది. చాలాసార్లు ఆ సలహా సరైనదే. దానికి చెప్పే కారణమే తప్పు. చెప్పకుండా వదిలేసే షరతు మాత్రం ఆ కారణంకంటే ముఖ్యం.

అల్యూమినియం వేడిని ఇట్టే లాగేస్తుందన్నది ఆ కారణం. నిజానికి వేడిని మోయడంలో రాగే మొనగాడు. ఉష్ణవాహకతను కొలిచే లెక్కలో రాగికి సుమారు 400 వస్తే, శుద్ధ అల్యూమినియానికి 235 దాకా వస్తుంది. రేడియేటర్లలో వాడే మిశ్రమాలకు అంత కూడా రాదు. కాబట్టి ‘‘రాగిని మించింది ఉందా?’’ అని అడిగే పాత మెకానిక్‌ను తోసిపుచ్చలేం. అయితే మనం రాగి రేడియేటర్ అనేదాంట్లో నీళ్లు పారే గొట్టాలు ఇత్తడివి. రాగి ఉండేది వాటి మధ్య మడతలు పెట్టిన రేకుల్లోనే. ఇత్తడి వాహకత రాగిలో మూడో వంతుకు కూడా చేరదు, ఆ రెంటినీ కలిపే సీసం తగరాల టంకం అంతకంటే తీసికట్టు. అల్యూమినియం కోర్‌లో గొట్టమూ రేకూ ఒకే జాతి లోహం. రెంటినీ కొలిమిలో పెట్టి బ్రేజింగ్‌తో ఏకం చేస్తారు. గొట్టాన్ని కాస్త దళసరి గోడతో, ఉబ్బిపోతుందన్న భయం లేకుండా 25 మిల్లీమీటర్ల వెడల్పున చేయవచ్చు. ఇత్తడి గొట్టాలు సాధారణంగా అందులో సగం, మహా అయితే ఇంకొంచెం వెడల్పు ఉంటాయి. గొట్టం వెడల్పయిన కొద్దీ దానికి అంటుకునే రేకు పెరుగుతుంది. వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. నీళ్ల నుంచి లోహంలోకి, లోహం నుంచి గాలిలోకి సాగే వేడి ప్రయాణంలో అసలు ఇరుకు లోహంలో లేదు, రేకుకూ గాలికీ మధ్య ఉంది. వేడిని అందుకోవడంలో గాలి నీటికంటే ఎన్నో రెట్లు మందకొడి. అంచేత ఎంత విస్తీర్ణమున్న రేకుల మీదుగా ఎంత గాలి పారుతోందన్నదే ఫలితం తేలుస్తుంది. కార్ల కంపెనీలు అల్యూమినియం వైపు మళ్లింది కూడా ప్రధానంగా బరువు, ధర చూసుకునే.

గాలే కీలకమని ఒప్పుకున్నాక మందపాటి నాలుగు వరసల కోర్ మీద మోజు తగ్గాలి. ముందు వరసను తాకిన గాలి అప్పటికే వేడెక్కి వెనక్కి వెళ్తుంది. పెళ్లి పంక్తిలో చివరన కూర్చున్నవాడి దాకా వచ్చేసరికి కూర గిన్నె అడుగంటినట్టు, వెనక వరసకు చల్లదనం పెద్దగా మిగలదు. కోర్ మందమయ్యేకొద్దీ గాలికి అడ్డు కూడా పెరుగుతుంది. వేగంగా పోయే రేసు కారులో ఎదురుగాలి తోపుడు ఆ అడ్డును దాటిస్తుంది. ఎక్కుడులో పాకే జీపులో పాత ఫ్యాన్ దాన్ని దాటించలేక చతికిలబడుతుంది. అందుకే వెడల్పు గొట్టాలతో రెండు వరసలు, ముందు భాగం ఎంత పెద్దదిగా పడితే అంత పెద్దదిగా ఉన్న కోర్ మన బళ్లకు నయం. రేకుల ఒత్తు గురించీ ఇదే మాట. అంగుళానికి రేకులు ఎక్కువుంటే కాగితం మీద చల్లబరిచే శక్తి పెరుగుతుంది, వరిగడ్డి నుసీ ఎర్రమట్టీ పట్టాక అదే శక్తి పడిపోతుంది. పొలాల గట్లమ్మట తిరిగే బండికి రేకులు కాస్త ఎడంగా ఉన్న కోరే మంచిది, నీళ్లు చిమ్మి కడగడానికి వీలవుతుంది.

ఇంతకీ చల్లబరచవలసిన వేడి ఎంత? ఎంఎం 540లో ఉండే 2112 సీసీ పెజో డీజిల్ ఇంజను శక్తి 62 హార్స్ పవర్, అంటే దాదాపు 46 కిలోవాట్లు. ఇంధనం వేడిలో స్థూలంగా ఒక వంతు చక్రాలకు, ఒక వంతు పొగగొట్టానికి, ఒక వంతు కూలెంట్‌కు పోతుందన్న మోటు లెక్క వేసుకుంటే, పూర్తి బరువు మీద రేడియేటర్ వదిలించుకోవలసింది కూడా ఆ ప్రాంతంలోనే ఉంటుంది. కంపెనీ రేడియేటర్ కొత్తలో ఆ పని చేయగలిగేది. తేడా తెచ్చేది మన ఎండలు. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, బయట 25 డిగ్రీలున్న రోజు రెంటికీ మధ్య తేడా 70. రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు కాసే మే నెల మధ్యాహ్నం ఆ తేడా 50కి పడిపోతుంది. రేడియేటర్ అదే, ఫ్యాన్ అదే, చల్లబరిచే శక్తి మాత్రం దాదాపు 30 శాతం తగ్గిపోయింది. ఇంజను మార్చి టర్బో డీజిల్ పెట్టిన బండికి, తర్వాత ఏసీ బిగించి కండెన్సర్‌ను రేడియేటర్ ముందు నిలబెట్టిన బండికి పెద్ద కోర్ అవసరమే. కంపెనీ ఇంజనుతోనే ఉన్న జీపు ఇప్పుడు మరుగుతోందంటే, ముప్పై ఏళ్లలో ఏదో పాడైందనే అర్థం. ఆ పాడైనది రేడియేటరే అయి ఉండాలన్న నియమం లేదు.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఫ్యాన్ చుట్టూ ఉండవలసిన కౌలింగ్ ఎప్పుడో విరిగితే తీసి పారేస్తారు. అప్పట్నుంచి ఫ్యాన్ కోర్ గుండా గాలిని లాగడం మాని, పక్కల్నుంచి తిరిగొచ్చే వేడి గాలినే మళ్లీ మళ్లీ చిలుకుతుంది. నెమ్మదిగా పోయే బండికి ఈ కౌలింగ్ చేసే మేలు కొత్త రేడియేటర్ చేసే మేలుకు ఏమీ తీసిపోదు, ఖర్చు అందులో పిసరంత. వదులైన బెల్టు, పట్టు సడలిన విస్కస్ ఫ్యాన్, అరిగిన వాటర్ పంపు కూడా అనుమానితులే. థర్మోస్టాట్ తీసేస్తే బండి చల్లగా నడుస్తుందని మన షెడ్లలో గట్టి నమ్మకం. బైపాస్ దారిని థర్మోస్టాటే మూసే ఇంజన్లలో అది లేకపోతే కొంత నీరు రేడియేటర్‌కు పోకుండానే ఇంజనులో తిరుగుతుంది. చల్లదనం పెరక్కపోగా తగ్గుతుంది. క్యాప్ సంగతి సరేసరి. 900 మీటర్ల ఎత్తున్న అరకులో మామూలు నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. 13 పీఎస్ఐ క్యాప్ ఒత్తిడిని నిలబెడితే మైదానంలో ఆ గీత 119 దాకా వెళ్తుంది. రబ్బరు ఎండిపోయిన క్యాప్ ఆ వెసులుబాటంతా మింగేస్తుంది. అలాగని తక్కువ ఒత్తిడికి చేసిన పాత బండికి ఎక్కువ పీఎస్ఐ క్యాప్ తగిలిస్తే హోస్ పైపులు పగులుతాయి. ఇక రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తుంటే పోయింది హెడ్ గ్యాస్కెట్ కావచ్చు, దానికి ఏ రేడియేటరూ మందు కాదు. పై హోస్‌కూ కింది హోస్‌కూ మధ్య వేడి తేడా కొలిస్తే కొంత తెలుస్తుంది. బండి మరుగుతూ కూడా తేడా కొద్దిగానే ఉంటే గాలి చాలడం లేదు. తేడా మరీ ఎక్కువుంటే నీరు సరిగా పారడం లేదు, కోర్ పూడిపోయి ఉండవచ్చు.

ఇన్నీ చూశాక కోర్ పోయిందనే తేలితే, అప్పుడు అల్యూమినియం. షరతు కూడా అప్పుడే: అందులో ఏం పోస్తారు? రాగి ఇత్తడి రేడియేటర్ మన నీళ్ల అలవాటును చాలా ఏళ్లు ఓర్చుకుంది. బోరు నీరో, కాలవ నీరో, హోటల్ డ్రమ్ములోదో, ఏది దొరికితే అది పోసినా ఈడ్చుకొచ్చింది. అల్యూమినియానికి ఆ ఓర్పు లేదు. దాన్ని కాపాడేది పైన ఏర్పడే అతి పలచని ఆక్సైడ్ పొర. అటు ఆమ్లమైనా ఇటు గాఢ క్షారమైనా ఆ పొరను కరిగిస్తాయి. నీటిలోని క్లోరైడ్లు అక్కడక్కడా దాన్ని తొలిచి సూదిమొన బెజ్జాలు చేస్తాయి. మన ప్రాంతాల్లో చాలా బోర్ల నీరు ఉప్పగానో గరుగ్గానో ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు. ‘‘మనకేమైనా మంచు కురుస్తుందా, కూలెంట్ ఎందుకు?’’ అని అడిగేవాళ్లున్నారు. గడ్డకట్టకుండా ఆపడం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. మనకు కావలసింది అందులోని తుప్పు నిరోధకాలు. డబ్బా మీద రాసిన పాళ్లకు తగ్గకుండా డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి, చెప్పిన గడువుకు మార్చాలి, రెండు రకాలను కలపకూడదు. జిప్సీ ఉన్నవాళ్లకు ఇది రేడియేటర్ మారినా మారకపోయినా వర్తిస్తుంది. 1996లో జిప్సీ కింగ్‌తో వచ్చిన 1.3 లీటర్ల ఇంజనులో బ్లాకూ హెడ్డూ అల్యూమినియమే.

పాత బళ్లలో ఇంకో దొంగ దెబ్బ వైరింగ్ నుంచి వస్తుంది. ఎర్తింగ్ తీగలు తుప్పు పట్టాక, వించ్‌కో అదనపు లైట్లకో వెళ్లే కరెంటు కూలెంట్ గుండా తిరుగుదారి వెతుక్కుంటుంది. కొత్త అల్యూమినియం కోర్ నెలల్లో జల్లెడవుతుంది. మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు తాకించి, రెండోదాన్ని చల్లారిన రేడియేటర్ మూత తీసి, లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచితే చాలు. లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసి చూసినప్పుడు 0.3 వోల్టు దాటితే ముందు ఎర్తింగ్ సరిచేయించాలి.

అల్యూమినియం మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది రిపేరు. రాగి రేడియేటర్ చిల్లు పడితే విజయవాడ ఆటోనగర్‌లోనే కాదు, చిన్న పట్నంలోనైనా టంకం వేసేవాడు దొరుకుతాడు. ట్యాంకు విప్పి, గొట్టాల్లో ఊచలు దూర్చి పూడిక తీస్తారు, కోర్ కొత్తది వేస్తారు. అల్యూమినియం ట్యాంకు పగిలితే టిగ్ వెల్డింగ్ తెలిసినవాడు కావాలి. పలచని గొట్టం నడుమ లీకయితే ఎపాక్సీ పూత తాత్కాలికమే. అన్నిటికంటే ప్రమాదం, రాగికి అలవాటుపడ్డ షాపులో కాస్టిక్ సోడాతో కడగడం. అది అల్యూమినియాన్ని కళ్లముందే తినేస్తుంది. అందుకే రోజూ కిరాయికి తిరుగుతూ, డ్రైవర్లు మారుతూ, ఎవరు ఏ నీళ్లు పోస్తారో తెలియని బండికి పాతదానికే మంచి రాగి కోర్ వేయించుకోవడం తెలివైన పని. వెనకబాటుతనమని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. సొంతంగా చూసుకునే బండికి, కూలెంట్ లెక్క రాసుకునే మనిషికి అల్యూమినియం బేషుగ్గా పనికొస్తుంది. రాగి ధర అల్యూమినియానికి మూడు నాలుగు రెట్లుంది గనక, నిజాయతీగా చేసిన కొత్త రాగి కోర్ కూడా చవగ్గా రాదు.

అల్యూమినియమే అనుకున్నాక ట్యాంకులు కూడా అల్యూమినియంవే ఉన్నది తీసుకుంటే మంచిది. కోర్‌కు నొక్కి బిగించిన ప్లాస్టిక్ ట్యాంకుల్లో వయసు మీద పడ్డాక పగుళ్లొచ్చేది ఆ ప్లాస్టిక్‌లోనే, ఆ అంచు దగ్గరే. అన్ని బళ్లకూ సరిపోతుందని అమ్మే రకాన్ని నేనైతే నమ్మను. నీళ్లు పోసే మూతి వ్యవస్థ మొత్తంలో అన్నిటికంటే ఎత్తున లేకపోతే గాలి చిక్కుకుని హెడ్‌లో ఒక మూల ఎండిపోతుంది. హోస్ కొలతలు, ఫ్యాన్‌కూ కోర్‌కూ మధ్య ఎడం, కౌలింగ్ బిగించే చెవులు ముందే కొలుచుకోవాలి. బిగింపులో రబ్బరు బుష్‌లు తప్పనిసరి. గుంతల్లో జీపు ఛాసిస్ మెలి తిరుగుతుంది. రేడియేటర్‌ను బోల్టులతో ఇనుప చట్రానికి కరచిపెడితే ఆ మెలి అంతా వెల్డింగ్ అతుకుల మీద పడి పగుళ్లు పుడతాయి. పాలిష్ మెరుపు వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంత జాగ్రత్తగా కూలెంట్ పోశాక, మారేడుమిల్లి ఘాట్‌లోనో ఇంకెక్కడో హోస్ పగిలి అంతా కారిపోతే, పక్కన వాగు నీరు తప్ప ఏదీ లేకపోతే? హోస్ కట్టి, ఇంజను చల్లారేదాకా ఆగి, సందేహించకుండా వాగు నీరే పోయండి. హెడ్ వంగితే అయ్యే ఖర్చు ముందు రేడియేటర్ ఖర్చు చిన్నది, పైగా ఒక్క రోజు వాగు నీటికి అల్యూమినియం చిల్లులు పడదు. ఊరు చేరాక ఆ నీరంతా వదిలేసి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, మళ్లీ కూలెంట్ నింపాలి. చాలామంది వాయిదా వేసేది ఈ చివరి పనినే.