బీటా ప్రతి: వాడి చూచినవారి మాటలు

నాటకమును రంగస్థలమునకెక్కించుటకు ముందు ఒద్దికలు జరుపుదురు. పుస్తకమును అచ్చునకు పంపుటకు ముందు ప్రూఫులు దిద్దుదురు. ఆ ఒద్దికలను చూచుటకు ఊరివారినందరిని పిలిచి, ఆ ప్రూఫులనే పాఠకుల చేతికిచ్చి, "లోపములున్నచో మాకు తెలుపుడు" అని కోరినచో నెట్లుండును? కంప్యూటరు లోకమున ఇట్టి ఆచారమొకటి స్థిరపడినది. విడుదలకు మునుపటి ఆ ప్రతికి బీటా అని పేరు. నిర్మాతలు తమలో తాము పరీక్షించుకొను తొలి ప్రతి ఆల్ఫా. బయటివారి చేతికి వచ్చు మలి ప్రతి బీటా. గ్రీకు అక్షరమాలలోని మొదటి రెండక్షరముల పేర్లే ఇవి.

ఏదో ఒక చిన్న ప్రోగ్రామునకు బీటా ప్రతి వచ్చినచో దానిని వాడి చూచుటలో పెద్ద ప్రమాదము లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి వేరు. కంప్యూటరును వెలిగించినది మొదలు ఆర్పువరకు తెరను, మీటలను, డిస్కును, ముద్రణయంత్రమును ఒక్క త్రాటిపై నడిపించునది అదియే. మనము వ్రాసిన లేఖయైనను, దాచుకొన్న ఛాయాచిత్రమైనను దాని చేతిమీదుగానే డిస్కుపైకి పోవును, తిరిగి రావును. తక్కిన ప్రోగ్రాములలో దోషమున్నచో ఆ ప్రోగ్రాము ఆగును. ఇంటి యజమానికే జబ్బు చేసినచో ఇల్లంతయు ఆగును.

ఈ ఆచారమునకు చక్కని ఉదాహరణము 2009వ సంవత్సరపు విండోస్ 7 బీటా. దానికి ముందటి విండోస్ విస్టా 2007 జనవరిలో జనసామాన్యమునకు అందినది. అది మందకొడిగా నడచుననియు, పాత పరికరములతో పొసగదనియు, అడుగడుగునను "అనుమతింతురా?" అని ప్రశ్నించి విసిగించుననియు చెడ్డపేరు తెచ్చుకొన్నది. అందుచేత తరువాతి ప్రతికై జనులు ఎదురుచూచుచుండిరి. మైక్రోసాఫ్టు సంస్థ 2009 జనవరిలో బీటాను 25 లక్షల మందికి మాత్రమే ఇత్తుమని ప్రకటించెను. 9వ తేదీన దానిని దింపుకొనుటకు వచ్చిన జనసమ్మర్దమునకు సంస్థవారి సర్వర్లు తట్టుకొనలేకపోయెను. చివరకు ఆ పరిమితిని కొంతకాలము ఎత్తివేయవలసివచ్చినది. బీటాను వెలిగించగానే తెరపై ఒక చేప కనబడెడిది. అది సయాము దేశపు పోట్లాడు చేప. దాని పేరు బెట్టా. నిర్మాతల శ్లేష!

వాడి చూచినవారి మాటలు ఏకముఖముగా లేవు. వేగము విషయమున మాత్రము అనేకులు మెచ్చుకొనిరి. విస్టాను మోయలేని చిన్న చేతి కంప్యూటర్లపై సైతము ఇది నడచుచున్నదని సంతోషించిరి. తెర అడుగుభాగమున నుండు టాస్కుబారు విషయమున అభిప్రాయములు చీలినవి. పూర్వము అచట ప్రోగ్రాముల పేర్లుండెడివి. ఇప్పుడు పెద్ద బొమ్మలు మాత్రమే మిగిలినవి. చూపునకు ఇంపుగానున్నదని కొందరు, తెరచియున్నదేదో మూసియున్నదేదో పోల్చుకొనలేకున్నామని కొందరు. రెండు మాటలును నిజమే. పదిదినములు వాడినవాని మాటకును పది నిమిషములు వాడినవాని మాటకును భేదముండును. అభిప్రాయము చెప్పువాడు తానెంతకాలము వాడెనో చెప్పనిచో ఆ అభిప్రాయమునకు తూకము తెలియదు.

ఆ బీటాలో ప్రతి విండో పైభాగమునను "అభిప్రాయము పంపుడు" అను మీట యొకటి ఉండెడిది. జనవరిలో రద్దీ మిక్కుటముగానున్న వారమున పదునైదు సెకండ్లకొకటి చొప్పున నివేదికలు వచ్చినవనియు, అప్పటికి అందిన మొత్తము అయిదు లక్షలు దాటినదనియు నిర్మాతలు తెలిపిరి. పదునైదు సెకండ్లకొకటి యనగా వారమునకు నలువది వేల పైచిలుకు. వాటినన్నింటిని చదివి, ఒకదానితో నొకటి పోల్చి, దోషమును కోరికనుండి వేరుచేయుట యెంత పనియో ఊహించుకొనవచ్చును. "మా మాట వినుటలేదు" అని పరీక్షకులు అలిగిరి. "ఒకరు కోరినదానినే మరియొకరు వలదనుచున్నారు" అని నిర్మాతలు బదులు పలికిరి. అయినను ఫిబ్రవరి నెలాఖరున వారు ప్రకటించిన మార్పుల జాబితాలో టాస్కుబారునకు సంబంధించినవి పలుమార్లు కానవచ్చును. మనలను పిలుచుచున్న విండో ఏదో మరింత స్పష్టముగా మెరయునట్లు చేయుట వాటిలో నొకటి.

అభిప్రాయమునకు నిజమైన బలమెట్టిదో తెలుపు ఘట్టము వేరొకటి కలదు. విస్టా విసిగించిన ప్రశ్నలను తగ్గించుటకై, విండోస్ అమరికలను యజమాని మార్చునప్పుడు ప్రశ్నింపకుండునట్లు బీటాలో ఏర్పాటు చేసిరి. మంచిదే. కాని ఆ ప్రశ్నించు కావలివానిని నిద్రపుచ్చుటయు ఒక అమరికయే కదా! కావున మీటలు నొక్కినట్లు నటించు చిన్న ప్రోగ్రాము ఎవ్వరికిని తెలియకుండ కావలిని తొలగింపవచ్చునని ఇద్దరు పరీక్షకులు చేసి చూపిరి. అట్టి దుష్టప్రోగ్రాము లోనికి ప్రవేశించిన పిమ్మట కదా ఆ మాట, ఇది రూపకల్పనలోని ఉద్దేశమే గాని దోషము కాదని సంస్థ తొలుత వాదించెను. వాదము పెరిగినది. 2009 ఫిబ్రవరి 5వ తేదీన సంస్థ తన నిర్ణయమును మార్చుకొని, కావలిస్థాయిని మార్చునప్పుడు తప్పక అనుమతి అడుగునట్లు చేయుదుమని ప్రకటించెను. ఇందు గెలిచినది గొంతు పెద్దదగుటవలన కాదు. "బాగుండలేదు" అని ఊరకుండక, ఏమి చేసినచో ఏమి జరుగునో మెట్టుమెట్టుగా ఎవరైనను చేసి చూచుకొనునట్లు వారు చూపగలిగిరి.

పాటలు దాచుకొను గృహస్థులకు ఆ బీటా ఒక పాఠము నేర్పినది. ఎం.పి.3 పాటలు కొన్నింటిని విండోస్ మీడియా ప్లేయరు జాబితాలో చేర్చినచో, ఆ పాటల మొదటి కొన్ని సెకండ్ల ధ్వని తిరిగిరాని విధముగా తెగిపోయెడిది. పాట పేరు, గాయకుల పేరు, ముఖచిత్రము మొదలగు వివరములు పెద్దవిగానున్న ఫైళ్లకే ఈ గతి. సంస్థవారు ముందుగానే హెచ్చరించి, సవరణను అందించి, పాటలకు మారుప్రతులు దాచుకొనుడని చెప్పిరి. హెచ్చరికను చదువక తొందరపడినవారి పాటలలో పల్లవి యెత్తుగడయే పోయినచో ఎవరిననవలెను?

అందుచేత "నేను వాడి చూడవచ్చునా?" అని అడుగువారికి నేనిచ్చు సమాధానమిది. ఇంటిలో రెండవ కంప్యూటరున్నచో దానిపై వాడుడు. లేనిచో డిస్కులో వేరొక భాగమును కేటాయించి, పాత వ్యవస్థను చెక్కుచెదరకుండ నిలుపుడు. అంతకుముందే పిల్లల ఛాయాచిత్రములకు, లెక్కలకు, ఉత్తరములకు మారుప్రతిని వేరొక డిస్కుపై తీసి, ఆ డిస్కును తీగ విప్పి బీరువాలో పెట్టుడు. తీగ తగిలించియున్న మారుప్రతి మారుప్రతి కాదు. మరునాడు ఉద్యోగమునకు కావలసిన పని ఆ యంత్రముపైననే యున్నచో ఈ వేడుక జోలికి పోకుడు.

బీటాకు సొమ్ము తీసికొన్న సంస్థయు కలదు. ఆపిల్ సంస్థ 2000 సెప్టెంబరు 13వ తేదీన మాక్ ఓఎస్ టెన్ బీటాను సుమారు 30 డాలర్లకు అమ్మెను. అందులో ఎన్నో యేండ్లుగా తెరకు ఎడమ మూలనుండి పనిచేయుచుండిన ఆపిల్ గుర్తును నడిమికి జరిపి, వట్టి అలంకారముగా చేసిరి. నొక్కినచో ఏమియు జరుగదు. పాత వాడుకరులు ఊరకుండలేదు. 2001 మార్చి 24వ తేదీన అసలు ప్రతి వెలువడునప్పటికి ఆ గుర్తు తన మూలకు, తన పనికి మరలి వచ్చినది.

పరీక్షకుల మాటలు చేరవలసినచోటికి చేరియు వినబడక పోయిన సందర్భమును కూడ చెప్పవలెను. 2018 అక్టోబరు 2న విడుదలయైన విండోస్ 10 నవీకరణము కొందరి దస్త్రములను, చిత్రములను తుడిచివేసెను. ఆ సంచులను వేరొక డిస్కునకు మార్చుకొని, పాతచోట కొన్ని ఫైళ్లు మిగిల్చినవారు అందులో ముఖ్యులు. పాత సంచి ఖాళీయని భావించి క్రొత్త ప్రతి దానిని తొలగించినది. కొలది దినములలోనే సంస్థ ఆ విడుదలను ఆపివేసెను. బాధితులు పదివేలలో ఒకరి వంతని వారు చెప్పిరి. దిగ్భ్రాంతి కలిగించు విషయమేమనగా, విడుదలకు ముందే పరీక్షకులు కొందరు ఈ సంగతిని తెలిపియుండిరి. కాని ఆ నివేదికలకు సమర్థకుల ఓట్లు కొన్నియే పడినందున అవి అడుగున పడిపోయినవి. బొమ్మ రంగు బాగుండలేదను మాటకు వేయిమంది తోడగుదురు. నా ఫైళ్లు పోయినవను మాటకు, అట్లు పోయినవారే తోడగుదురు. సంస్థ పిమ్మట ఆ పట్టికలో నష్టతీవ్రతను తెలుపు ఏర్పాటు చేర్చి, నవంబరు 13న నవీకరణమును మరల విడుదల చేసెను.

తెలుగువారికి ఈ అల్పసంఖ్య బాధ సుపరిచితమే. 2018 ఫిబ్రవరిలో మన జకార ఞకారముల సంయుక్తాక్షరము ఐఫోనులను స్తంభింపజేసినది. ఆ అక్షరమునకును దాని దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని సంకేతమొకటి చేరినచో, ఆ అక్షరమున్న సందేశమును చూపబోయిన ప్రోగ్రాము కూలెడిది. ఈ దోషము అధికారికముగా విడుదలయైన ఐఓఎస్ 11.2.5లో నుండెను, అప్పటికే పరీక్షలోనున్న 11.3 బీటాలో లేదు. విడుదలయైన ప్రతి ఎల్లప్పుడు భద్రమనియు, బీటా ఎల్లప్పుడు ప్రమాదకరమనియు తలచువారికి ఇది వింతగా తోచును. ఫిబ్రవరి 19న 11.2.6 ప్రతితో దోషము తొలగినది. వత్తులు, గుణింతములు తెరపై సరిగా కూడినవో లేదో చూడవలసినది తెలుగు చదువనేర్చినవారే. విండోస్ 7లో వాణి అను తెలుగు లిపి క్రొత్తగా చేరినది. ఆకాశవాణి వారి తెలుగు కార్యక్రమ పత్రిక కూడ ఆ పేరిటనే వెలువడినదని శ్రోతలు కొందరెరుగుదురు. ఇట్టివానిని వాడి చూచి, ఏ యక్షరము ఎచట విరిగెనో వ్రాసి పంపువారు మనలో మరికొందరున్నచో మేలు.

బీటాకు ఆయుర్దాయము కూడ ముందే వ్రాసిపెట్టియుండును. విండోస్ 7 బీటా 2009 జూలై 1 నుండి రెండు గంటలకొకమారు తనంతట తానే ఆగిపోవునట్లును, ఆగస్టు 1తో గడువు తీరునట్లును అమర్చిరి. దానిపై మమకారము పెంచుకొన్నవారు తరువాతి ప్రతికి పోవలెనన్నచో డిస్కును తుడిచి మొదటినుండి నెలకొల్పుకొనుడని సంస్థ సలహా. అమర్చుకొన్న ప్రోగ్రాములన్నియు మరల వేసికొనవలసినదే. 2009 అక్టోబరు 22వ తేదీన అసలు ప్రతి అంగళ్లకు వచ్చునప్పటికి ఆ బెట్టా చేపయు తెరమీదినుండి తొలగిపోయినది.