పొడి అక్షరాల ఆట: ‘పి’ అంటే ఏంటి తాతయ్యా?

ఈ వారం ఎపిసోడ్ చివర్లో నేనూ, మా వదినా ఆడిన ఆట గురించి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మైకు ముందు నియమాలు గబగబా చెప్పేశాం, పైగా సగం మాటలు మా వదిన నవ్వులో కలిసిపోయాయి. అందుకని ఎపిసోడ్ విననివాళ్ళకి కూడా అర్థమయ్యేలా మొదటినుంచీ చెప్తాను.

ఆట చాలా సులువు. ‘ఎ’ నుంచి ‘జెడ్’ దాకా వరసగా వెళ్ళాలి. ఒకరు రెండు అక్షరాలు ఇస్తారు, రెండోవాళ్ళు ఆ పొడి అక్షరాలున్న ప్రసిద్ధుల పేరు చెప్పాలి. టైమ్ అర నిమిషం. చిన్న ఆట కావాలంటే ఎ.ఎ., బి.బి., సి.సి. అని జంట అక్షరాలతో ఆడితే 26 మెట్లు. పెద్ద ఆట అంటే 26ని 26తో గుణిస్తే వచ్చే 676 జతలూ. డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కి కార్లో దాదాపు నాలుగు గంటలు. అంతసేపు ఆడినా మేం ‘కె’ దాటలేదు.

మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఇక్కడి పేర్లతో ఆడితే దాన్ని పట్టుకోలేం. సి.సి. అంటే చార్లీ చాప్లిన్, ఎం.ఎం. అంటే మెరిలిన్ మన్రో, ఆర్.ఆర్. అంటే రోనాల్డ్ రీగన్ అని చకచకా చెప్పేసింది. సరే, ఇప్పుడు తెలుగువాళ్ళ పేర్లతో ఆడదాం అన్నాను. అసలు కథ అక్కడ మొదలైంది.

జంట అక్షరాల్లో ఇబ్బంది తెలీదు. ఎ.ఎ. అల్లు అర్జున్, కె.కె. కొడవటిగంటి కుటుంబరావు, పి.పి. పాలగుమ్మి పద్మరాజు, ఎస్.ఎస్. సింగీతం శ్రీనివాసరావు. ఎటు తిప్పినా అవే అక్షరాలు. కానీ టంగుటూరి ప్రకాశం గారు టి.పి.నా, పి.టి.నా? మా అమ్మాయి పి.టి. అంది. దాని లెక్కలో పేరు ముందు, ఇంటిపేరు వెనక. స్కూల్లో, డాక్టరు దగ్గర, ఎక్కడ ఫారం నింపినా అదే వరస మరి. అందుకే మొదటి నియమం: మన పేర్లకి ఇంటిపేరే ముందు. పేరు ముందు రెండు అక్షరాలు రాసుకునే అలవాటుంటే ఆ రెండే జత. ఒక్కటే ఉంటే, దానికి పేరులో మొదటి అక్షరం కలపాలి. అలా పి. సుశీల గారు పి.ఎస్. అవుతారు.

రెండో నియమం పాయింట్లది. మనిషి పేరు చెప్తే ఒక పాయింటు. ఆ పొడి అక్షరాలు విప్పి చెప్తే ఇంకో రెండు. ఆటకి ప్రాణం ఇదే. పి.వి. తీసుకోండి. పింగళి వెంకయ్య, పాములపర్తి వెంకట నరసింహారావు, పూసర్ల వెంకట సింధు. జెండా, ప్రధాని పదవి, ఒలింపిక్ పతకం, మూడూ ఒకే జతలో! తెలుగు పేర్లలో ‘వి’ కనిపిస్తే ముందు ‘వెంకట’ అని ఊహించండి. సామర్ల వెంకట రంగారావు, వంగిపురపు వెంకట సాయి లక్ష్మణ్, కదిరి వెంకట రెడ్డి, ఇలా చాలాసార్లు తగుల్తుంది. అన్నిసార్లూ కాదు. ఎల్.వి. ప్రసాద్ గారి ఎల్.వి. లక్ష్మీవర. ఇంటిపేరు అక్కినేని. అది పొడి అక్షరాల్లో కనపడనే కనపడదు.

ఎస్.పి. దగ్గర నేనే బోర్లాపడ్డాను. ఒకటి ఇంటిపేరు, ఇంకోటి పేరులో ముక్క అనుకున్నా. రెండూ కలిపి ఇంటిపేరేనట: శ్రీపతి పండితారాధ్యుల. పి.బి. శ్రీనివాస్ గారిదీ అంతే, ప్రతివాది భయంకర. పక్క రాష్ట్రానికి వెళ్తే లెక్క మళ్ళీ మారుతుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి ‘ఎం’ మదురై ఊరు, ‘ఎస్’ వాళ్ళమ్మగారు షణ్ముఖవడివు.

ఇక ‘సి’. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డి గారి ‘సి’ కట్టమంచి. 1988లో జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి గారి ‘సి’ సింగిరెడ్డి. చాగంటి, చెళ్ళపిళ్ళ ఇళ్ళవాళ్ళకీ ఇంగ్లీషులో ‘సి’నే. క, స, చ మూడూ ఒకే అక్షరం వెనక దాక్కున్నాయి. ‘టి’ చూస్తే ట అనుకోవాలో త అనుకోవాలో తెలీదు. ఆ గొడవ వద్దనుకుంటే తెలుగు అక్షరాలతోనే ఆడండి. మన రచయితలు ఆ పని ఎప్పుడో చేసేశారు. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యారు. చాగంటి సోమయాజులు చాసో, కాళీపట్నం రామారావు కారా, భమిడిపాటి రామగోపాలం భరాగో. మా అమ్మాయి ‘శ్రీశ్రీ’ అంటే గౌరవానికి రెండుసార్లు శ్రీ పెట్టారనుకుందట.

కష్టమైన అక్షరాలకి వేరే వెసులుబాటు ఉంది. తెలుగు నేలతో సంబంధం ఉన్నవాళ్ళెవరైనా సరే, ఇంటిపేరు లేకపోయినా ఫరవాలేదు. ‘జెడ్’కి హైదరాబాదులో పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఉన్నారు. ‘డబ్ల్యు’కి 1955లో రోజులు మారాయి సినిమాలో మెరిసిన వహీదా రెహమాన్. క్యు.క్యు.కి ఎవరూ ఉండరనుకున్నాం. హైదరాబాదు కట్టించిన కులీ కుతుబ్ షా గుర్తొచ్చేసరికి మా వదిన కార్లోనే చప్పట్లు కొట్టింది. ‘ఎఫ్’కి మాత్రం ఎఫ్.ఎన్. అని నేను జోకేశాను. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్ళకి అమెరికా వీసా మీద ‘ఎఫ్.ఎన్.యు.’ అని పడుతుంది కదా, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. నవ్వేవాళ్ళు నవ్వారు, అది అనుభవించినవాళ్ళు నవ్వలేదు.

ఎపిసోడ్‌లో చెప్పని సంగతి ఒకటుంది. హ్యూస్టన్ చేరాక మా అమ్మాయి ఇంట్లోవాళ్ళ పేర్లతో ఆడదామంది. మా తాతగారి సంతకంలో ఇంటిపేరు తర్వాత ఒక ‘పి’ ఉండేది. అదేంటో విప్పితే రెండు పాయింట్లు. నాకు తెలీదు. అప్పుడు గుంటూరులో పొద్దున్నే. మా నాన్నగారికి వీడియో కాల్ చేశాం.

“తాతయ్యా, మీ నాన్నగారి పేరులో ‘పి’ అంటే ఏంటి?”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పెంటయ్య అమ్మా. ఆయన ఎవరికీ చెప్పేవారు కాదు” అన్నారు.

తాతగారికంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారట. వీడైనా దక్కాలని పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకుని ఆ పేరు పెట్టారు. ఎవరికీ అక్కర్లేని పిల్లాడని చావు కూడా వదిలేస్తుందని నమ్మకం. పెంటయ్య, పుల్లయ్య అనే పేర్ల వెనక చాలా ఇళ్ళల్లో ఇదే కథ ఉంటుంది. బళ్ళో పిల్లలు ఏడిపించేవారని తాతగారు పెద్దయ్యాక ఆ పేరుని ఒక్క అక్షరం చేసేసుకున్నారు. మా నాన్నగారు కూడా ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారట.

మా అమ్మాయి పాయింట్లు వేసుకోవడం మర్చిపోయింది. “ఆ ఇద్దరు పిల్లలకి పేర్లు పెట్టారా తాతయ్యా?” అనడిగింది. నాన్నగారికి అది తెలీదు. తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

అందుకని ఆఖరి నియమం ఒకటి చేర్చాం. ఆట మొదలుపెట్టే ముందు ప్రతివాళ్ళూ సొంత ఇంట్లో ఒక పొడి అక్షరం విప్పి చెప్పాలి. తెలీకపోతే ఇంటికి ఫోన్ చేసి అడగొచ్చు, దానికి అర నిమిషం లెక్క లేదు. వచ్చే ఎపిసోడ్‌లో ‘ఎల్’ నుంచి మొదలుపెడతాం. ‘ఎక్స్’కి మాకింకా ఎవరూ దొరకలేదు, ఎవరైనా తడితే చెప్పండి.