పదునులో పడిన పాట

మన వయసులో పాటంటే చెవి కోసుకోని వాళ్ళెవరు? మా హాస్టల్లో పరీక్ష ముందురోజు రాత్రి కూడా ఇయర్‌ఫోన్లు లేని చెవి కనబడదు. సెలవులకి ఇంటికెళితే మాత్రం మా నాన్న కేకలేస్తాడు: "ఆ పాటల పిచ్చేమిట్రా, చదువు గంగలో కలిసినట్టే!"

సైన్సు విద్యార్థిని కదా, ఈ పిచ్చికి కారణమేమిటా అని వెతికాను.

నచ్చిన పాట వింటుంటే మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. ఆకలి మీద అన్నం తింటే కలిగే సంతోషంలోనూ దీని పాత్ర ఉంది. 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మెదడును స్కాన్ చేసి ఈ సంగతి చూపించారు. పాటలో మనకిష్టమైన చోటు ఇంకా రాకముందే, ఆ ఎదురుచూపులోనే ఇది మొదలవుతుందట.

మరి ఈ వయసులోనే ఎందుకింత మోజు? మెదడంతా ఒకేసారి ఎదగదు. ఆనందాన్నీ ఉద్రేకాన్నీ నడిపే భాగాలు పన్నెండు, పదమూడేళ్ళకే జోరందుకుంటాయి. ఆలోచించి పగ్గం వేసే ముందు భాగం పూర్తిగా ఎదగాలంటే ఇరవై దాటాక కూడా కొన్నేళ్ళు పడుతుంది. పైగా ఇల్లు వదలడం, స్నేహాలు, నేనెవరినన్న ప్రశ్న అన్నీ అప్పుడే. రైతు భాషలో చెప్పాలంటే అది నేల పదును మీదున్న సమయం. అప్పుడు పడిన గింజ మొలవక మానదు. పెద్దవాళ్ళని గతం చెప్పమంటే పది, ముప్పై ఏళ్ళ మధ్య సంగతులే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రం కూడా అంటోంది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో తెల్లవారుజామున మొక్కజొన్నకి నీళ్ళు పెట్టడానికి నాన్నతో చేలోకి వెళ్ళాను. ఫోన్లో 1989 నాటి 'గీతాంజలి' సినిమాలోని ఇళయరాజా పాట పెట్టాను. నాన్న పార ఆపాడు. రెండో చరణం ఫోను కంటే ముందే అందుకున్నాడు. ఒక్క మాట తప్పలేదు!

ఆ సినిమా వచ్చిన ఏడాది ఆయన ఇంటర్ చదువుతున్నాడు. తాతయ్య మంచాన పడితే పుస్తకాలు అటకెక్కించి నాగలి పట్టింది కూడా ఆ ఏడే.

"దీని తర్వాతి పాటలు నాకంతగా తెలీవురా" అన్నాడు, మడవ మారుస్తూ.

నాకేం మాట్లాడాలో తోచలేదు. ఆ పాటే మళ్ళీ పెట్టాను.

మిత్రులారా! ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ అమ్మానాన్నల్ని పదిహేడేళ్ళప్పుడు ఏ పాట వినేవాళ్ళో అడగండి. వాళ్ళు చెప్పేటప్పుడు మాత్రం ఇయర్‌ఫోన్లు తీసి వినండి.